విశాఖకి ఒక్క ప్రయాణంలో డ్రైవులూ కేబుళ్లూ కొనడం ఎలా

మూడు మిల్లీమీటర్ల పొడవు స్క్రూ ఒకటి లేక నా మొదటి అసెంబుల్డ్ కంప్యూటర్ నాలుగు రోజులు బల్ల మీద పడి ఉంది. మదర్‌బోర్డు సెకండ్ హ్యాండ్‌లో, డబ్బా లేకుండా కొన్నాను. ప్రాసెసర్, ర్యామ్, డ్రైవ్ విశాఖ నుంచి మోసుకొచ్చాను. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఎం.2 డ్రైవ్‌ని, అంటే బోర్డులోనే నేరుగా గుచ్చే సన్నటి డ్రైవ్‌ని, స్లాట్‌లో పెడితే రెండో కొస గాల్లోకి లేచి నిలబడింది. దాన్ని కిందికి అణిచి పట్టే స్క్రూ మామూలుగా బోర్డు డబ్బాలో వస్తుంది. నాకు డబ్బాయే లేదు. రాయగడ బజారంతా తిరిగాను. హార్డ్‌వేర్ షాపుల్లో ఉన్నవన్నీ తలుపు గెడలకి పనికొచ్చేవి. చివరికి మొబైళ్లు బాగుచేసే కుర్రాడు చచ్చిపోయిన ల్యాప్‌టాప్ ఒకటి విప్పి అందులోంచి తీసిచ్చాడు. డబ్బులు వద్దన్నాడు, టీ తాగించమన్నాడు.

విశాఖలో ఉన్నవాళ్లకి ఇదో కథే కాదు, పక్క వీధికెళ్లి తెచ్చుకుంటారు. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం వైపు ఉన్న మనకి అలా కుదరదు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి రైల్లో వెళ్లొస్తే ఒక రోజు అయిపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, తప్పు వస్తువు వస్తే తిప్పి పంపి మళ్లీ తెప్పించడానికి ఇంకో వారం. అందుకని ఇక్కడ ఏది అన్నిటికంటే వేగం అన్న లెక్క తక్కువ, ఏది కొంటే మళ్లీ రైలెక్కక్కర్లేదు అన్న లెక్క ఎక్కువ. ధరలు రాయడం లేదు. మెమరీ చిప్పుల ధరలు ఉల్లిపాయల ధరల్లాంటివి, నేను రాసిన అంకె మీరు చదివేసరికి అబద్ధమైపోతుంది.

ముందు బోర్డు మాన్యువల్ చదవండి

డ్రైవ్ మీద మనసు పడి కొనేసి, తర్వాత దాన్ని బోర్డులో ఎక్కడ పెట్టాలా అని వెతకడం మన అలవాటు. దాన్ని తిరగెయ్యండి. బోర్డు మోడల్ పేరు బోర్డు మీదే పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంటుంది. పక్కన చిన్నగా ఉండే వెర్షన్ నంబరు కూడా రాసుకోండి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు మూడు వెర్షన్లు ఉంటాయి, వాటి స్లాట్లలో తేడాలుండొచ్చు. కంపెనీ సైట్లో మాన్యువల్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో స్టోరేజ్ పేజీ తీసి, కాగితం మీద ఈ సంగతులు ఎక్కించండి.

ఎం.2 స్లాట్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కో స్లాట్ ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ని తీసుకుంటుందా, సాటా డ్రైవ్‌ని తీసుకుంటుందా, రెండిటినీనా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎం.2 అన్నది స్లాట్ ఆకారం పేరు మాత్రమే. లోపల నడిచే భాష రెండు రకాలు, ఒకటి పాత సాటా, ఇంకోటి ఎన్‌వీఎంఈ. ఆకారం సరిపోయినా భాష కలవకపోతే డ్రైవ్ చక్కగా కూర్చుంటుంది కానీ కంప్యూటర్‌కి కనబడదు.

మా బావమరిది విషయంలో ఇదే జరిగింది. గుణుపురంలో వాడికి చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఒక షాపులో ఎం.2 డ్రైవ్ చూపించి, నా బోర్డులో ఇది పనిచేస్తుందా అని అడిగాడు. షాపతను వంచిన తల ఎత్తకుండానే "చళిబ ఆజ్ఞా, చళిబ" అన్నాడు. మన ప్రాంతంలో ఈ మాట తెలియనివాళ్లుండరు. నడుస్తుంది, సర్దుకుంటుంది, ఏదో ఒకటి అవుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాత్రి ఫోన్ వచ్చింది. "బావా, డ్రైవ్ పెట్టాను గానీ ఏటీ కనపడ్డం లేదు." ఫొటో తీసి పంపమన్నాను. అది ఎం.2 సాటా డ్రైవ్. వాడి బోర్డులో ఉన్న ఒక్క స్లాటూ ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటుంది. మాన్యువల్‌లో ఒక్క వరుసలో రాసి ఉంది ఆ సంగతి.

కంటితో పోల్చుకునే గుర్తు ఒకటుంది. డ్రైవ్ బంగారు అంచులో ఒక్క గంటు ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ. రెండు గంట్లుంటే చాలావరకు సాటా. "చాలావరకు" అన్నది గమనించండి. రెండు గంట్లున్న ఎన్‌వీఎంఈ డ్రైవులు కూడా కొన్ని ఉన్నాయి. కాబట్టి గంట్లు లెక్కపెట్టి ఊరుకోకుండా లేబుల్ మీద ఏం రాసిందో చదవండి. ఎన్‌వీఎంఈ అనో, అది నడిచే దారి పేరైన పీసీఐఈ అనో ఉంటే ఒక రకం, సాటా అని ఉంటే ఇంకో రకం.

తర్వాత పొడవు. లేబుల్ మీద 2280 అని ఉంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు అని అర్థం. డెస్క్‌టాప్ బోర్డులన్నిటికీ దాదాపు ఇదే నప్పుతుంది. ల్యాప్‌టాపుల్లోంచి తీసిన 2230, 2242 పొట్టి డ్రైవులు తక్కువకి వస్తున్నాయని కొనేముందు, మీ బోర్డులో ఆ పొడవు దగ్గర స్క్రూ బిగించే మెట్టు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే నా కథే మీదవుతుంది. వైఫై కార్డు కోసం ఉండే పొట్టి ఎం.2 స్లాట్‌ని డ్రైవ్ స్లాట్ అనుకోకండి, దాని గంటే వేరు.

ఇంకొక్కటి, చాలామంది దాటేసేది. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. ప్రాసెసర్, చిప్‌సెట్ (బోర్డు మీది పోర్టుల్ని నడిపే చిప్పు) ఇచ్చే దారులు లెక్కకి ఇన్నే ఉంటాయి, వాటినే పంచుకోవాలి. మాన్యువల్‌లో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఈ మాట ఉంటుంది. అది చదవకపోతే ఎన్‌వీఎంఈ పెట్టిన రోజునే హార్డ్ డిస్క్ మాయమవుతుంది, అది పాడైందనుకుని మీరు కొత్తది కొంటారు.

మీ బోర్డు పాతదై అసలు ఎం.2 స్లాటే లేకపోతే బెంగపడకండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా మెమరీ చిప్పుల్లో దాచే డ్రైవ్) ఉంది. హార్డ్ డిస్క్ మీద నడిచే పాత కంప్యూటర్‌కి అది పెడితే వచ్చే తేడా, మంచి ఎన్‌వీఎంఈ నుంచి ఇంకా మంచి ఎన్‌వీఎంఈకి మారితే రాదు. అడాప్టర్ కార్డు కొని పాత బోర్డులో ఎన్‌వీఎంఈ ఇరికిద్దామనుకునేవాళ్లకి ఒక మాట. డ్రైవ్ కనబడొచ్చు, కానీ చాలా పాత బోర్డులు దానిమీంచి విండోస్ బూట్ చేయలేవు.

ఎస్‌ఎస్‌డీ ఎంచుకోవడం

సాటా మూడో తరం వేగం సెకనుకి 6 గిగాబిట్లు. పంపే ప్రతి 8 బిట్లకీ తోడుగా 2 బిట్లు పోతాయి కాబట్టి చేతికి అందేది గరిష్ఠంగా 600 ఎంబీ, నిజంలో 550 దగ్గర ఆగుతుంది. ఎన్‌వీఎంఈ మూడో తరం డ్రైవ్ సెకనుకి 3,500 ఎంబీ దాకా చదువుతుంది, నాలుగో తరం 7,000 దాటుతుంది, ఐదో తరం 14,000 దాకా వెళ్తుంది. అంకెలు చూస్తే నోరూరుతుంది. కానీ విండోస్ తెరుచుకోవడం, బ్రౌజర్ నడవడం, ఆఫీసు పని, పిల్లల చదువు, ఇవన్నీ చిన్న చిన్న ఫైళ్ల పని. అక్కడ మూడో తరానికీ ఐదో తరానికీ తేడా పట్టుకోవడం మీ వల్లా నా వల్లా కాదు. నా సలహా నాలుగో తరం మధ్యస్థం డ్రైవ్. బోర్డు మూడో తరానిదైనా అది ఆ వేగంలో నడుస్తుంది, రేపు బోర్డు మారిస్తే పనికొస్తుంది. ఐదో తరం కాగి పొగలు కక్కుతుంది, దానికి పెద్ద హీట్‌సింక్, అంటే వేడి లాగే లోహపు పలక, కావాలి. మే నెలలో మన ఇళ్లలో ఫ్యాను గాలే వేడిగా ఉన్నప్పుడు ఆ తలనొప్పి ఎందుకు?

సైజు మీద మాత్రం పిసినారితనం వద్దు. విండోస్, నాలుగు సాఫ్ట్‌వేర్లు వేసేసరికి 256 జీబీ ఇరుకైపోతుంది. 500 జీబీ కనీసం, వీలైతే 1 టీబీ. ఎస్‌ఎస్‌డీ అంచుదాకా నిండితే వేగం పడిపోతుంది, అయిదో వంతు ఖాళీగా ఉంచుకోవడం మంచిది. 1 టీబీ కొని ఇంటికొచ్చి చూస్తే విండోస్‌లో 931 జీబీ కనబడుతుంది. షాపువాడు మోసం చేయలేదు. డ్రైవ్ కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1,024తో లెక్కేస్తుంది, అంతే. మా వీధిలో ఈ విషయం మీద ఒక తగువు తీర్చాను కూడా.

డబ్బా మీద గానీ కంపెనీ సైట్లో గానీ ఇంకో రెండు మాటలు వెతకండి. టీఎల్‌సీ అంటే ఒక్కో గడిలో 3 బిట్లు, క్యూఎల్‌సీ అంటే 4 బిట్లు. క్యూఎల్‌సీ చవక. మామూలు వాడకంలో బాగానే ఉంటుంది, కానీ ఒకేసారి వంద జీబీ పెళ్లి వీడియో ఎక్కిస్తే మొదట పరుగెత్తి, లోపలి క్యాష్ (వేగంగా రాసుకునే చిన్న జాగా) నిండగానే హార్డ్ డిస్క్ కంటే నెమ్మదిగా పాకే సందర్భాలున్నాయి. వీడియో పని ఉన్నవాళ్లు టీఎల్‌సీయే తీసుకోండి. రెండో మాట టీబీడబ్ల్యూ, అంటే వారంటీ లోపల ఎన్ని టెరాబైట్లు రాయొచ్చని కంపెనీ ఒప్పుకుంటుందో ఆ అంకె. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవులకి 600 అని తరచూ కనబడుతుంది. రోజుకి 50 జీబీ రాసినా అది 30 ఏళ్లకి పైమాటే, కాబట్టి ఇంట్లో వాడేవాళ్లు దీని మీద నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. రెండు డ్రైవులు సమానంగా ఉంటే ఏది తీసుకోవాలో తేల్చడానికి వాడుకోండి. వారంటీ 3 ఏళ్లా 5 ఏళ్లా అన్నది మాత్రం తప్పక చూడండి.

డీర్యామ్ (డ్రైవ్ లోపలే ఉండే సొంత ర్యామ్ చిప్పు) ఉన్న డ్రైవా లేనిదా అని కుర్రాళ్లు గంటలకొద్దీ కొట్టుకుంటారు. ఎన్‌వీఎంఈలో అది లేకపోయినా డ్రైవ్ కంప్యూటర్ ర్యామ్‌లోంచి కొద్దిగా అప్పు తీసుకుని నెట్టుకొస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీకి ఆ అప్పు దొరకదు, అందుకే అక్కడ డీర్యామ్ ఉన్నది దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి.

నకిలీ సరుకు గురించి. 16 టీబీ ఎస్‌ఎస్‌డీ పెన్‌డ్రైవ్ ధరకి ఎవరూ ఇవ్వరు. లోపల చిన్న మెమరీ కార్డు అతికించి, పెద్ద సైజు చెప్పేలా దాని బుర్ర మార్చి అమ్ముతారు. ఫైళ్లు ఎక్కినట్టే కనబడతాయి, తెరిచి చూస్తే ఖాళీ. అనుమానం వస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాయించి తిరిగి చదివించండి. లినక్స్ వాడేవాళ్లకి ఎఫ్3 ఉంది. తిప్పి పంపే గడువు దాటకముందే చేయాలి ఈ పని.

హార్డ్ డిస్క్ ఇంకా కావాలా?

విండోస్ కోసమైతే వద్దు. ఫొటోలు, పెళ్లి వీడియోలు, పాత ఫైళ్లు దాచడానికి మాత్రం టెరాబైట్ లెక్కన ఇప్పటికీ అదే చవక. బావమరిది స్టూడియోకి 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు రెండు పెట్టించాను.

ఇక్కడ చూడాల్సింది సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అన్నది. డిస్క్ మీద డేటా రాసే పద్ధతులు ఇవి. సీఎంఆర్‌లో రాత గీతలు దేనికదే విడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో రాత గీతలు ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా లేపాలి కదా, అలాగే పాత డేటా మీద కొత్తది రాయాలంటే దానికి బోలెడు పని. ఒకసారి రాసి దాచేసే బ్యాకప్‌కి పరవాలేదు. రోజూ రాసి చెరిపే పనికి సీఎంఆర్ కావాలి. డబ్బా మీద రాసి ఉండకపోవచ్చు, కంపెనీ సైట్లో మోడల్ నంబరు కొడితే తెలుస్తుంది. ఈ సంగతి చెప్పకుండా అమ్మారని 2020లో కంపెనీల మీద పెద్ద గొడవే అయింది, ఆ తర్వాతే పట్టికలు బయటపెట్టారు.

సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్క్ కొనేటప్పుడు, షాపులోనే కంప్యూటర్‌కి తగిలించి, డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరవమనండి. పవర్ ఆన్ అవర్స్ చూడండి. ఏడాదికి 8,760 గంటలు. 30,000 దాటిందంటే అది ఏ సీసీ కెమెరా డబ్బాలోనో మూడున్నరేళ్లు రాత్రీ పగలూ తిరిగిందన్నమాట. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన భాగాలు), పెండింగ్ సెక్టార్లు (చెడిపోయాయని అనుమానమున్నవి) రెండూ సున్నా ఉండాలి. ఒకటుంటే ఏమవుతుందిలే అని బేరమాడకండి, లేచి వచ్చేయండి.

తెచ్చేటప్పుడు బస్సు డిక్కీలో పడేయొద్దు. ఘాట్ రోడ్డు కుదుపులకి ఎస్‌ఎస్‌డీకి ఏమీ కాదు గానీ హార్డ్ డిస్క్‌కి అవుతుంది. తువ్వాలు చుట్టి సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకోండి. కొత్త చీరల మధ్య పెట్టి తెచ్చిన వాళ్లు కూడా ఉన్నారు, తప్పులేదు.

కేబుళ్లు: అందరూ తేలిగ్గా తీసుకునేవి

డ్రైవ్ గురించి నెల రోజులు చదివి కేబుల్ మాత్రం షాపువాడు చేతికిచ్చింది తెచ్చుకుంటాం. ఎం.2 డ్రైవ్‌కి కేబులే అక్కర్లేదు, ఆ ఒక్క సుఖానికే దాన్ని ఇష్టపడొచ్చు. సాటా డ్రైవ్‌కి రెండు కావాలి. డేటాకి 7 పిన్నుల సన్నది, కరెంటుకి 15 పిన్నుల వెడల్పుది. రెండిటి మూతీ ఎల్ ఆకారంలోనే ఉంటుంది, తిరగేసి తోస్తే దూరదు. దూరకపోతే బలవంతం చేయొద్దు. డ్రైవ్ మీది ప్లాస్టిక్ నాలుక విరిగితే మళ్లీ అతకదు.

డేటా కేబుల్ కొనేటప్పుడు "ఇది సాటా 3 కేబుల్ సార్, స్పీడు ఎక్కువ" అంటారు. సాటా మూడో తరం 2009లో వచ్చినా కేబుల్ మారలేదు, మంచిగా తయారైన పాతదీ అదే వేగంతో నడుస్తుంది. పేరుకి డబ్బులివ్వకండి, తయారీకి ఇవ్వండి. మూతి దగ్గర ఇనుప కొక్కెం ఉన్నది తీసుకోండి, క్లిక్‌మని పడుతుంది, క్యాబినెట్ జరిపినా ఊడదు. పొడవు గరిష్ఠంగా 1 మీటరు ఉండొచ్చు, ఇంట్లో క్యాబినెట్‌కి 45 నుంచి 50 సెంటీమీటర్లు చాలు. వంకర మూతి కేబుళ్లు కొనే ముందు క్యాబినెట్ ఫొటో దగ్గర పెట్టుకోండి. డ్రైవులు ఒకదాని కింద ఒకటి ఉంటే పై డ్రైవ్ వంకర మూతి కింది డ్రైవ్ పోర్టుని మూసేస్తుంది. ఒక కొస వంకర, ఒక కొస తిన్నగా ఉన్నది అన్నిచోట్లా సర్దుకుంటుంది. మడతపెట్టి రబ్బరు బ్యాండు వేసి బిగించకండి, లోపలి తీగలు నలుగుతాయి.

కేబుల్ పాడైతే డ్రైవ్ పాడైనట్టే కనబడుతుంది. ఫైలు కాపీ మధ్యలో ఆగడం, కంప్యూటర్ కాసేపు బిగుసుకుపోవడం, డ్రైవ్ మాయమై మళ్లీ రావడం. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 వరుస చూడండి, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అని ఉంటుంది. దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క అది. ఆ అంకె ఇవాళ రాసుకుని వారం తర్వాత చూడండి. పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌దో, పోర్టుదో. పెరగడం ఆగితే పాత కథ, వదిలేయండి, ఎందుకంటే ఆ లెక్క వెనక్కి తగ్గదు. అందుకే విశాఖ వెళ్లినప్పుడు ఒక్క డేటా కేబుల్ అదనంగా తెచ్చుకోండి. డ్రైవ్‌తో పోలిస్తే దాని ఖర్చు చిల్లర, కానీ తప్పు ఎక్కడుందో తేల్చడానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు.

ఇక కరెంటు కేబుల్. ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. వాటిలో కేబుళ్లు ఊడదీసి తగిలించుకునే రకం ఉంటాయి. పాతది పోయి కొత్తది తెచ్చినప్పుడు, లోపల చక్కగా కట్టి ఉన్న పాత కేబుళ్లు కదపడం ఎందుకని వాటినే కొత్త ఎస్‌ఎంపీఎస్‌కి గుచ్చాను. దూరాయి. స్విచ్ వేశాను. చిన్న చప్పుడు, కాలిన వాసన. డ్రైవ్ వైపు మూతి ప్రపంచమంతా ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీ కంపెనీకీ, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్ మోడల్‌కీ వేరు. 5 వోల్టులు రావలసిన చోటికి 12 వచ్చాయి. ఆ డ్రైవ్‌లో మా మామగారి షష్టిపూర్తి ఫొటోలున్నాయి. ఆయన ఇప్పటికీ నన్నేమీ అనరు, అత్తగారు మాత్రం పెళ్లిళ్లలో నేను ఫోన్ తీసినప్పుడల్లా "అవి జాగ్రత్తగా దాచు బాబూ" అంటారు. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే దాని డబ్బాలో వచ్చిన కేబుళ్లే వాడండి. సెకండ్ హ్యాండ్‌లో కేబుళ్లు లేకుండా వచ్చే ఎస్‌ఎంపీఎస్ ఎంత చవకైనా కొనకండి.

ఎస్‌ఎంపీఎస్‌కి సాటా మూతులు సరిపోకపోతే పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే ముక్క ఇస్తారు. అందులో రెండు రకాలు. తీగలన్నీ ఒక ప్లాస్టిక్ ముద్దలో పోతపోసినట్టుంటే వద్దు, లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తీగ ఒక్కోటీ విడిగా పిన్నులోకి నొక్కి, వెనక మూత తీసి చూడగలిగేలా ఉంటే అది తీసుకోండి. సాటా కరెంటు మూతిలో ఒక్కో పిన్ను మోసేది ఒకటిన్నర ఆంపియరు, 12 వోల్టులకి మూడు పిన్నులు, మొత్తం నాలుగున్నర. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో రెండు ఆంపియర్ల దాకా లాగొచ్చు. అంటే ఒక మూతిని చీల్చి రెండు హార్డ్ డిస్కులకి ఇవ్వడమే హద్దు, మూడోది తగిలించొద్దు. ఎస్‌ఎస్‌డీలు అంత లాగవు.

యూఎస్‌బీ కేబుళ్ల గురించి రెండే మాటలు. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన టైప్-సీ కేబుల్ చాలావాటిలో డేటా వేగం 480 మెగాబిట్లే, అంటే 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం. దాంతో బయటి ఎస్‌ఎస్‌డీ తగిలించి డ్రైవ్ నెమ్మదిగా ఉందని తిట్టకండి, డ్రైవ్‌తో వచ్చిన కేబులే వాడండి.

స్క్రూలు

వీటికి విడిగా శీర్షిక పెట్టినందుకు నవ్వుకోండి, పరవాలేదు. ఎం.2 డ్రైవ్‌కి ఎం2 సైజు (2 మిల్లీమీటర్ల మందం) సన్న స్క్రూ, కొన్ని బోర్డులకి దాని కింద ఇత్తడి మెట్టు కూడా కావాలి. 2.5 అంగుళాల డ్రైవ్‌కి ఎం3. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌కి 6-32 అనే లావు మరల స్క్రూ. ఎం3ని దాంట్లో తిప్పితే వదులుగా ఆడుతుంది, 6-32ని ఎస్‌ఎస్‌డీలో తిప్పితే మరలు చెడిపోతాయి. మూడు రకాలూ కలిపిన చిన్న డబ్బా ఒకటి కొనేయండి. బిగించడానికి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, కొస అయస్కాంతం ఉన్నదైతే చేతికి హాయి.

బిగించే రోజు

వైరు పీకేయండి. క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు దిగనివ్వండి. ఎం.2 డ్రైవ్‌ని వాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో దూర్చి, పైకొస మెల్లగా కిందికి నొక్కి స్క్రూ వేయండి. వేళ్లకి అందినంత బిగువు చాలు. బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ ఉంటే, దాని అడుగున ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది ఊడదీయండి. పొర తీయకుండా బిగించి, డ్రైవ్ ఎందుకు కాగుతోందని అడిగినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. డ్రైవ్ మీది కంపెనీ స్టిక్కర్ మాత్రం పీకకండి, వారంటీ దాంతో పోతుంది.

విండోస్ వేసేటప్పుడు అది వేయాల్సిన డ్రైవ్ ఒక్కటే తగిలించి ఉంచండి. హార్డ్ డిస్క్ కూడా ఉంటే ఇన్‌స్టాలర్ కొన్నిసార్లు విండోస్‌ని ఎస్‌ఎస్‌డీలో, బూట్ భాగాన్ని హార్డ్ డిస్క్‌లో పెట్టేస్తుంది. ఏడాది తర్వాత హార్డ్ డిస్క్ తీస్తే కంప్యూటర్ లేవదు. విండోస్ అయ్యాక ఆపి, హార్డ్ డిస్క్ తగిలించి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని తెరవండి. డిస్క్‌ని భాగాలు చేసే పద్ధతి ఎంబీఆరా, జీపీటీయా అని అడిగితే జీపీటీ. ఎంబీఆర్‌తో 2 టీబీ దాటిన భాగం వాడుకోలేరు. డ్రైవ్ అసలు కనబడకపోతే గాభరా పడకుండా ముందు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో, చూడండి. అక్కడా లేకపోతే కేబులో, స్లాటో, ఆగిపోయిన పోర్టో. అక్కడ ఉండి విండోస్‌లో లేకపోతే చాలావరకు ఫార్మాట్ కాలేదంతే.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుపాను రోజుల్లో మనకి కరెంటు ఎలా వచ్చి పోతుందో తెలుసు కదా, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా వైపు రోజుల తరబడి చీకటే. ఇంట్లో వాడే మామూలు ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినప్పుడు రాస్తున్న డేటాని కాపాడే కెపాసిటర్లు చాలావాటికి ఉండవు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే, ఆడుకోవడానికి కాదు గానీ, కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపడానికి సమయం దొరుకుతుంది. ప్లగ్గులో ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే లేనట్టే.

ఒక డ్రైవ్‌లో ఉన్న ఫొటోలు దాచినట్టు కాదు. ఎస్‌ఎస్‌డీలో చెరిపేసినవి ట్రిమ్ (చెరిపిన చోటు ఖాళీ అని విండోస్ డ్రైవ్‌కి చెప్పే పని) నడిచాక తిరిగి తీయడం దాదాపు కుదరదు, హార్డ్ డిస్క్ అయితే ఇంకా ఆశ ఉంటుంది. రెండో కాపీ ఇంకో డ్రైవ్‌లో, మూడోది ఇంటి బయట, చుట్టాలింట్లోనో క్లౌడ్‌లోనో. మా మూడో కాపీ అత్తగారి బీరువాలో ఉంది, ఎందుకో మీకు తెలుసు.

హీట్‌సింక్ బిగించే ముందు డ్రైవ్ స్టిక్కర్ మీది సీరియల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత కనబడదు. బిల్లు కూడా అప్పుడే ఫొటో తీయండి. షాపుల్లో ఇచ్చే మెరుపు కాగితం బిల్లు మీది అక్షరాలు రెండు వేసవులకే తెల్లబోతాయి, వారంటీ ఏమో 5 ఏళ్లుంటుంది. ఆ వారంటీకి డ్రైవ్‌ని ఎక్కడికి పంపాలో, భువనేశ్వర్‌కా విశాఖకా, కొనేటప్పుడే అడిగి బిల్లు వెనక రాయించుకోండి.